మంచులో రేవు దాటి వచ్చిన ఏఎన్‌ఎం గారికి

పాప నాలుగు రోజుల నుంచి అన్నం తింటోంది. తట్టు దిగిపోయి ఒంటి మీద పొట్టు రాలుతోంది. నాకు సరిగ్గా నిద్ర లేక పదిహేను రోజులైంది, తప్పులుంటే సర్దుకోండి, ఇవాళ రాయకపోతే మళ్ళీ రాయను.

మాది కోనసీమలో ఓ లంక ఊరు. ముందు జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్ళు. నాలుగో రోజున చెవుల వెనక దద్దుర్లు మొదలై ఒళ్ళంతా పాకాయి. అమ్మవారు పోసిందని అత్తయ్యగారు గుమ్మానికి వేపమండలు కట్టేశారు. మందు వెయ్యకూడదు, ఎవరికీ చెప్పకూడదు. సర్వేకి వచ్చిన ఆశా కార్యకర్తకి "మా ఇంట్లో ఎవరికీ ఏం లేదు" అని తలుపు సందులోంచి చెప్పింది మాత్రం నేనే.

మర్నాడు వేరే సబ్ సెంటర్ నుంచి ఏఎన్‌ఎం గారొకరు వచ్చారు. ఊళ్ళో ఐదారుగురు పిల్లలకి ఇలాగే ఉందని ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకుంటున్నారు. వేపమండలు చూసి తిడతారనుకున్నా. ఆవిడ చెప్పులు విప్పి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని, "పిన్నిగారూ, లోపలికి రావచ్చా అండి?" అని అడిగారు. అత్తయ్యగారు ఏం మాట్లాడకుండా పక్కకి జరిగారు.

కింద కూర్చుని పాపని ఒళ్ళోకి తీసుకున్నారు. "మీజిల్స్ లాగే ఉందమ్మా, రక్తం పంపిస్తే తేలుతుంది. వేపాకు ఉండనివ్వండి, దాంతో నాకు పేచీ లేదు, ఇది కూడా పడాలి" అని విటమిన్-ఏ సిరప్ తాగించారు. ఏడాది దాటిన పిల్లలకి రెండు లక్షల యూనిట్లట, మర్నాడు మళ్ళీ అంతే, కళ్ళు దెబ్బతినకుండా.

ఆ మర్నాడు ఆదివారం. పొద్దున్నే మంచు పట్టేసి పంటు ఆపేశారు, ఇంక రారులే అనుకున్నాం. తొమ్మిదింటికి గుమ్మంలో నిలబడ్డారు. చేపల పడవ బతిమాలి ఎక్కారట, చీర మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. "రెండో డోసు కదమ్మా" అన్నారంతే. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా వాళ్ళెవరూ కాదు, నా పేరు కూడా అప్పటికి ఆవిడకి కాగితం మీదే తెలుసు.

తట్టు లేవడానికి నాలుగు రోజుల ముందు నుంచీ, లేచాక నాలుగు రోజులూ అంటుకుంటుందట. పాప ఎక్కడెక్కడ తిరిగిందని అడిగారు. ఇటుక బట్టీ వాళ్ళ వల్లే వచ్చిందని అత్తయ్యగారు అన్నారు. ఏఎన్‌ఎం గారు రోజులు లెక్కేశారు. బట్టీలో అప్పటికి ఎవరికీ లేదు. పాపే జ్వరం తగిలిన రోజు దగ్గుతూ అక్కడి పిల్లలతో ఆడుకుంది. మొన్న అక్కడ ఇద్దరికి దద్దుర్లు లేచాయి. ఏం చెప్పను. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు, వాళ్ళ దగ్గర టీకా కార్డులు కూడా లేవు. ఆవిడే సాయంత్రం పని దిగాక వెళ్ళి ఐదేళ్ళ లోపు వాళ్ళందరికీ టీకాలు వేశారు.

మా పాపకి ఆ టీకా ఎందుకు పడలేదని అడుగుతారు. తొమ్మిది నెలలప్పుడు రెండు బుధవారాలు తీసుకెళ్ళాను. సీసాలో పది డోసులుంటాయి, తెరిస్తే నాలుగు గంటల్లో వాడెయ్యాలి, ఇవాళ ఇద్దరే వచ్చారు, వచ్చే వారం రండి అన్నారు అక్కడ టీకాలు వేసేవాళ్ళు. మూడోసారి నేను వెళ్ళలేదు, అది నా తప్పే. కానీ ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలనే మాకు చెప్తారు అని ఈవిడ అన్నప్పుడు ఒళ్ళు మండింది. రిజిస్టర్‌లో పాప పేరు పక్కన "ఊళ్ళో లేరు" అని ఉందట! మేం ఎక్కడికి పోయాం? మిగిలిన డోసులు పారబోయడానికి లెక్క చెప్పుకోవాలి గానీ, వెనక్కి పంపిన పిల్లలకి ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు కాబోలు.

ఆయన కువైట్ నుంచి రోజూ ఫోన్ చేశారు, అమ్మ వచ్చి వంట చూసుకుంది. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క పోటుతో రక్తం తీసిన ల్యాబ్ అబ్బాయికి, అడగకుండానే బొండాలు దింపిచ్చిన ఎదురింటి తమ్ముడికి, ఆ చేపల పడవ ఆయనకి కూడా థ్యాంక్స్.

అయ్యో, ఆశా అమ్మాయిని మర్చిపోయాను. నేను అబద్ధం చెప్పినప్పుడు వేపమండలు ఆవిడ నెత్తి మీదే వేలాడుతున్నాయి. నన్నేం అనకుండా వెళ్ళి, ఏఎన్‌ఎం గారిని మా ఇంటికి పంపింది ఆవిడేనట. రోజూ మా వీధిలోంచే వెళ్తుంది, నేనే ఇంకా ఎదురుపడలేదు.