1989ని చిత్తుకాగితాల వాడికి అమ్మేస్తున్నాం

సంపాదకుడు గారికి నమస్కారం.

‘శివ’ సినిమా కొత్త హంగులతో మళ్లీ థియేటర్లకు వచ్చిన దగ్గర్నుంచి 1989 గురించి పత్రికల్లో చాలా చదివాను. అందరూ అందులో నాగార్జున సైకిల్ చైను లాగే సీను దగ్గరే ఆగిపోతున్నారు. ఆ రోజుల్లో మా ఊరి బస్టాండు పక్కన క్యాసెట్ల షాపు నడిపినవాణ్ణి. కౌంటరు వెనక నుంచి చూసినవాడికి ఆ ఏడాది ఇంకోలా కనిపిస్తుంది. అది చెప్పి, ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి షాపు తీసినా తీయకపోయినా ఒకటే. దూరదర్శన్‌లో మహాభారతం. హిందీ ముక్క రాని వాళ్లు కూడా కదలకుండా కూర్చునేవారు, కథ ముందే తెలుసు గనక. ‘కృష్ణుడంటే రామారావే, ఈ కుర్రాడెవరే’ అని మా పెద్దమ్మ మొదట్లో సణిగింది. తర్వాత్తర్వాత ఆ నితీశ్ భరద్వాజ్ తెరమీదికి రాగానే లెంపలు వేసుకునేది. చిత్రమేమిటంటే, ఆ నవంబరు ఎన్నికల్లోనే మన వెండితెర కృష్ణుడు కల్వకుర్తిలో ఓడిపోయాడు.

మే 12న ‘గీతాంజలి’ వచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా అదొక్కటే. నాయకుడికీ నాయికకీ ఇద్దరికీ చావు రాసిపెట్టి ఉన్న కథ, మండుటెండల్లో ఎవరొస్తారన్నారు. మా ఊళ్లో మొదటి వారం కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నా షాపులో మాత్రం క్యాసెట్లు నిలవలేదు. సినిమా చూడని ఇళ్లలో కూడా వేటూరి పాటలు మోగుతుంటే, మూడో వారానికి ఆడపిల్లలు గుంపులుగా మ్యాట్నీకి కదిలారు. ‘లేచిపోవడం’ అనే మాటను గుసగుసగా తప్ప అనని ఊరు మాది. అలాంటిది కాలేజీ అమ్మాయిలు నడిరోడ్డు మీద ‘లేచిపోదామా’ అంటూ ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు.

అక్టోబరు 5న ‘శివ’. రామ్‌గోపాల్ వర్మ తొలి సినిమా. దాని గురించి అందరూ చెప్పేశారు, నేనొక్కటే చెబుతాను. జనం నన్ను పాట కాని సంగీతం అడగడం అప్పుడే మొదలు. ‘మాటల వెనకాల వచ్చే ఆ మ్యూజిక్ ఉంటే ఎక్కించు బాబాయ్’ అనేవారు కుర్రాళ్లు. ఎక్కణ్ణుంచి తెచ్చేది? ఒకడైతే జేబులో టేప్‌రికార్డరు పట్టక, సంచిలో పెట్టుకుని ఫస్ట్ షోకి వెళ్లి, ఈలలూ కేకలతో సహా రికార్డు చేసుకొచ్చాడు. ఈ రెండు సినిమాలకే కాదు, అదే ఏడాది వచ్చిన ‘ప్రేమ’కూ ‘చెట్టు కింద ప్లీడరు’కూ సంగీతం ఇళయరాజాదే. ఆయన పేరు చెప్పుకుని షాపు అద్దె కట్టుకున్నాను.

అసలు సంగతి చీటీలది. ఖాళీ క్యాసెట్టూ, కావలసిన పాటలు రాసిన చీటీ తెచ్చి ఇచ్చేవారు. ఆ పాటలు నేను అందులోకి రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. చట్టం ప్రకారం అలా ఎక్కించి ఇవ్వడం తప్పే, ఒప్పుకుంటున్నాను. ఆ చీటీలన్నీ ఇనప చువ్వకు గుచ్చి ఉంచాను. ‘పెళ్లి బస్సుకు. మొదట వినాయకుడిది, తర్వాతంతా హుషారువి, ఏడుపు పాట ఒక్కటీ వద్దు’ అని ఒకటి. ఒక వైపంతా ఘంటసాల, రెండో వైపంతా ‘గీతాంజలి’ అడిగినది ఇంకొకటి. తండ్రీ కూతుళ్లు ఒకే క్యాసెట్టును పంచుకున్నారన్నమాట. ఏ సినిమా ఎన్ని రోజులు ఆడిందో రాసినవాళ్లున్నారు గానీ, జనం ఇంట్లో ఏం విన్నారో ఈ చీటీల్లో తప్ప ఇంకెక్కడుంది?

వీటితో పాటు పాటల పుస్తకాలు, కరపత్రాలు, కొన్ని వాల్‌పోస్టర్లు ఒక గ్రంథాలయానికి ఇవ్వబోయాను. ‘ఇవి పుస్తకాలు కావు, రిజిస్టరులో ఎక్కించడం కుదరదు’ అన్నారు. అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పాడు, ఆయన తప్పేం లేదు. అక్కడి పద్ధతి అది. కానీ మనం ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అందులోంచి ఒక బీరువా రాదా?

కాగితాల విలువ తెలియాలంటే మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ను చూడండి. దాని ప్రింటు ఎక్కడా మిగల్లేదు. అది 1931 సెప్టెంబరులో విడుదలైందని ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చాం. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు వివరాలూ తిరగేసి, 1932 ఫిబ్రవరి 6 అని తేల్చాకే ఆ పొరపాటు సరయింది. ఆ కాగితాలు కూడా పోయి ఉంటే?

మా ఊళ్లో ‘గీతాంజలి’ ఆడిన హాలు ఇప్పుడు కల్యాణ మంటపం. దాన్ని మార్చేటప్పుడు గోదాములోని పోస్టర్లన్నీ తూకానికి వేశారు. నేను వెళ్లేసరికి బండి కదిలిపోయింది. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలూ, జిల్లా కేంద్ర గ్రంథాలయాలూ ఇలాంటివి తీసుకోవడానికి ఒక నిబంధన, ఒక మూల, ఒక మనిషిని ఏర్పాటు చేస్తే చాలు. నావాళ్లు ఇల్లు సర్దుతూ ఇప్పటికి రెండుసార్లు ఈ పెట్టెలను వీధి గుమ్మం దాకా తెచ్చారు.

మొత్తం మూడు అట్టపెట్టెలు. ఎక్కడ దించాలో చెబితే ఆటో ఖర్చు నాదే.

– ఒకప్పటి క్యాసెట్ల షాపు యజమాని, పశ్చిమ గోదావరి జిల్లా