ఊదించే ముందు పావుగంట ఆపండి

సంపాదకులకు,

డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీల్లో బండి ఆపిన వెంటనే ఊదించి, వచ్చిన అంకె మీదే కేసు రాసేస్తున్న చోట ఒక ముఖ్యమైన మెట్టు తప్పిపోతోంది.

బ్రీత్ అనలైజర్ రక్తాన్ని కొలవదు. శ్వాసలోని ఆల్కహాల్ ఫ్యూయల్ సెల్‌లోని (యంత్రంలోని చిన్న సెన్సార్) ప్లాటినం మీద ఆక్సీకరణ చెందితే పుట్టే కరెంటును కొలుస్తుంది. ఆపై 2,100 మిల్లీలీటర్ల శ్వాసలో ఉన్నంత ఆల్కహాల్ ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్నట్టు లెక్కగడుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. లీటరు శ్వాసలో చూస్తే అది దాదాపు 0.14 మిల్లీగ్రాములే. ఇంత చిన్న మోతాదు దగ్గర నోట్లో మిగిలిన తడి చాలు లెక్క తప్పడానికి: మౌత్‌వాష్, ఆల్కహాల్ కలిసిన దగ్గుమందు, హోమియో టింక్చర్. 2025 జులైలో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో, బాగా ముగ్గిన పనస తొనలు తిన్న డ్రైవర్లకు చుక్క ముట్టకుండానే పాజిటివ్ వచ్చింది. అంతకుముందు సున్నా చూపిన ఒకరికి అవే తొనలు పెట్టి ఊదిస్తే ఆయనకూ అంకె పడింది.

నోటిలోని ఆల్కహాల్ సుమారు 15 నిమిషాల్లో పోతుంది. కాబట్టి అంతసేపు ఏమీ తిననివ్వకుండా, తాగనివ్వకుండా, సిగరెట్ కాల్చనివ్వకుండా కళ్లెదుటే ఉంచి మళ్లీ ఊదించాలి. ఒంట్లో కరిగేది మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తానికి గంటకు 15 మిల్లీగ్రాములు, పావుగంటకు దాదాపు నాలుగు. అప్పుడే తాగి వచ్చినవాడికైతే అంకె ఇంకా పెరగవచ్చు కూడా. అంతేగానీ 60 చూపింది ఒక్కసారిగా 10కి పడితే అది నోటిదే. పరిమితికి బాగా మించి తాగినవాడు ఈ పావుగంటతో తప్పించుకోలేడు, తాగనివాడు మాత్రం బయటపడతాడు.

సిబ్బంది చేతికి శానిటైజర్ రాసుకుని వెంటనే యంత్రం పట్టుకోకూడదు, ఆ ఆవిరీ లోపలికి పోతుంది. మనిషి మనిషికీ కొత్త మౌత్‌పీస్ పెట్టాలి, ఊదించే ముందు ఖాళీ గాలితో సున్నా వచ్చిందో లేదో చూడాలి. సెల్ వాడేకొద్దీ బలహీనపడుతుంది గనుక, ఆల్కహాల్ మోతాదు ముందే తెలిసిన గ్యాస్‌తో గడువు ప్రకారం క్యాలిబ్రేషన్ (అంకె సరిచూసి దిద్దడం) తప్పదు. జ్వరం ఉన్నవారిలో శ్వాస ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అంకె ఆరేడు శాతం పెరుగుతుంది. 31, 32 దగ్గర ఆగిన కేసుల్లో ఈ తేడాయే దోషాన్ని తేలుస్తుంది. అరెస్టయిన వ్యక్తికి స్టేషన్‌లో డాక్టరు చేత రక్త నమూనా తీయించే వీలు అదే చట్టం 204వ సెక్షన్‌లోనే ఉంది. ఇలాంటి కేసుల్లో దాన్ని ఆలస్యం లేకుండా వాడాలి.

మొదటి నేరానికే ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ ఉన్న కేసు ఇది. రవాణా, పోలీసు శాఖలకు మా విన్నపం ఒక్కటే. ఖాళీ గాలి రీడింగు, రెండు ఊదుళ్ల అంకెలు, వాటి సమయాలు, యంత్రం నంబరు, చివరి క్యాలిబ్రేషన్ తేదీ ప్రతి స్లిప్పు మీదా ముద్రించి, ఒక కాపీ డ్రైవరు చేతికివ్వండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్