ఆకాశం కేసి చూసిన ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ, మీ ఇళ్లలో పెద్దలకూ పిల్లలకూ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు, ఆదివారం తెలుగు బడి ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి ఫొటోలూ వివరాలూ ఎప్పటికప్పుడు మీకు పంపుతూనే ఉన్నాం కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన ఆకాశ పరిశీలన కార్యక్రమం గురించే ఈసారి వివరంగా రాస్తున్నాను. దీనికి ఇంత ఆదరణ వస్తుందని కార్యవర్గంలో ఎవరమూ అనుకోలేదు.

ఇది ఎలా మొదలైందో మీకు గుర్తుండే ఉంటుంది. కిందటేడు సంఘం భోజనాలయ్యాక మనం పార్కింగ్‌లో నిలబడి మాట్లాడుకుంటుంటే తల మీదుగా వరసగా లైట్లు వెళ్లాయి. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపు హోరెత్తిపోయింది. పది లైట్లని ఒకరన్నారు, ముప్పై అని ఇంకొకరన్నారు. సన్నగా శబ్దం కూడా వినిపించిందని ఒకరు గట్టిగా చెప్పారు. అవి అప్పుడే కక్ష్యలోకి పంపిన ఉపగ్రహాలని మర్నాడు తెలిసింది. కానీ ఒకే చోట నిలబడి ఒకే దాన్ని చూసిన మనం అన్ని రకాలుగా ఎందుకు చెప్పాం? ఎవరూ అబద్ధం ఆడలేదు కదా. ఆ ప్రశ్నే ఈ ఏడాది మమ్మల్ని నడిపించింది.

అందుకే రాకెట్లు కొత్తగా వచ్చిన రోజులకు, అంటే 1957 నుంచి 1968 దాకా జరిగిన వాటికి వెళ్లాం. అంతకుముందు ఏ తరమూ అలాంటివి చూడలేదు. పైగా ఆ కథలో ఒక ముక్క అమెరికాలోని మన విస్కాన్సిన్ రాష్ట్రంలోనే, మన మిల్వాకీ నుంచి గంటన్నర లోపు చేరుకునే ఊళ్లో పడింది.

అక్టోబరులో మొట్టమొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌తో మొదలుపెట్టాం. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ పంపిన ఆ గోళం వెడల్పు 58 సెంటీమీటర్లు, బరువు 83.6 కిలోలు. 96 నిమిషాలకోసారి భూమిని చుట్టేది. ప్రపంచమంతటా జనం చీకట్లో లేచి బయటికొచ్చి దాని కోసం ఎదురుచూశారు. అయితే వాళ్లలో చాలామంది చూసింది ఆ గోళాన్ని కాదు. దాన్ని పైకి మోసుకెళ్లిన రాకెట్ ప్రధాన భాగం కూడా కక్ష్యలోకి చేరి తిరుగుతూ ఉండేది. పెద్దది కాబట్టి సూర్యకాంతి పడి బాగా మెరిసేది. స్పుత్నిక్‌ను కళ్లారా చూశానని జీవితాంతం చెప్పుకున్న వాళ్లలో ఎక్కువమంది ఖాళీ రాకెట్‌ను చూశారన్నమాట. ఇది విన్నప్పుడు హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన పార్కింగ్ సంగతి అందరికీ గుర్తొచ్చిందనుకుంటాను.

ఆ సమావేశంలో మూన్‌వాచ్ గురించి కూడా మాట్లాడుకున్నాం. ఉపగ్రహాలు ఇంకా ఎగరకముందే, 1956లో, అమెరికాలోని స్మిత్‌సోనియన్ ఆస్ట్రోఫిజికల్ అబ్జర్వేటరీ అధిపతి ఫ్రెడ్ విప్పుల్ మామూలు మనుషులతో ఈ పరిశీలక బృందాలను తయారు చేయించారు. విద్యార్థులు, టీచర్లు, గృహిణులు చిన్న టెలిస్కోపులతో ఒక వరసలో కూర్చునేవారు. ఒక్కొక్కరికీ ఆకాశంలో ఒక్కో ముక్క. పక్కవాళ్ల ముక్కతో అది కొంచెం కలిసేలా చూసుకునేవారు. ఉత్తరం నుంచి దక్షిణానికి కంచె వేసినట్టు ఉండేది. ఏ ఉపగ్రహం దాటినా ఎవరో ఒకరికి చిక్కాల్సిందే. చిక్కిన క్షణాన్ని రేడియో టైముతో సరిచూసి రాసుకునేవారు. ఇది నాకు ఎంతగా నచ్చిందో చెప్పలేను. ఎవరికి వారు తమ ముక్కను మాత్రమే చూసి, చూసింది వెంటనే రాస్తే చాలు, మిగతాది లెక్క కట్టేవాళ్లు చూసుకునేవారు. తర్వాత ఇదే పని కోసం పెద్ద కెమెరాలు పెట్టినప్పుడు ప్రపంచం మొత్తం మీద 12 చోట్లు ఎంచుకుంటే అందులో మన నైనిటాల్ ఒకటి.

చలికాలంలో, ఆకాశంలో కనిపించే గుర్తు తెలియని వస్తువుల (యూఎఫ్‌ఓల) గురించి చదివాం. 1957 నవంబరు 2 రాత్రి టెక్సస్‌లోని లెవెలాండ్ దగ్గర రోడ్డు మీద వెలుగుతున్న ఆకారం కనిపించిందనీ, దగ్గరికి వెళ్లగానే ఇంజన్ ఆగి హెడ్‌లైట్లు ఆరిపోయాయనీ చాలామంది డ్రైవర్లు పోలీసులకు చెప్పారు. లైకా అనే కుక్కతో స్పుత్నిక్ 2 బయల్దేరింది కూడా ఆ కొన్ని గంటల తేడాలోనే. అమెరికా ఎయిర్‌ఫోర్స్ విచారణ చేసి ఇది వాతావరణంలో విద్యుత్తు వల్ల వచ్చిందని తేల్చింది. ఆ వివరణ నాకు సరిపోలేదు. అలాగని వేరే లోకం నుంచి వచ్చిందని చెప్పడానికీ ఆధారం లేదు. అలాంటప్పుడు తెలియదని ఒప్పుకుని కాగితం మీద అలాగే ఉంచడం మంచిదని నా అభిప్రాయం.

ఇలాంటి వాటిని విచారించడానికి ఎయిర్‌ఫోర్స్ వాళ్లు పెట్టిన ప్రాజెక్ట్ బ్లూ బుక్ 1952 నుంచి 1969 దాకా నడిచింది. మొత్తం 12,618 ఫిర్యాదుల్లో 701 చివరిదాకా తేలలేదు. వాళ్లకు సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త జె. అలెన్ హైనెక్ అదే కాలంలో విప్పుల్ దగ్గర ఉపగ్రహాల జాడ పట్టే పని చూశారు. తెలిసినదాన్ని వెతికే పనీ, తెలియనిదాన్ని విచారించే పనీ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. పోనుపోను ఆయన ఈ తేలని కేసులను తేలిగ్గా కొట్టిపారేయడం మానేశారు.

లైకా కథ దగ్గర పిల్లలు ఏడ్చారు. దాన్ని తిరిగి దించే ఏర్పాటే లేదనీ, ఎగిరిన కొన్ని గంటల్లోనే వేడికి చనిపోయిందనీ దాచకుండా చెప్పాం. 1958 ఏప్రిల్ 14న ఆ నౌక కాలుతూ పడిపోతుంటే అమెరికా తూర్పు తీరం నుంచి కరీబియన్ దీవుల దాకా జనం చూశారు.

మార్చిలో జరిగినది మాత్రం నిజంగా మన సొంత పరిశీలన. దానికి దారితీసిన పాత సంగతి ముందు చెబుతాను. 1968 మార్చి 3 రాత్రి అమెరికాలోని టెన్నెసీ, ఇండియానా, ఒహైయో మీదుగా మండుతున్న ముక్కలు వెళ్లాయి. అవి సోవియట్ వాళ్లు జోండ్ 4 అనే అంతరిక్ష నౌకను పంపిన ప్రయోగంలో వాడిన రాకెట్ శకలాలు. చాలామంది చూసింది చూసినట్టు, తోకలున్న కొన్ని వెలుగులని చెప్పారు. కానీ కొందరు చుట్ట ఆకారంలో ఒకే పెద్ద వాహనం వెళ్లిందన్నారు. దానికి వరసగా కిటికీలున్నాయనీ లోపల లైట్లు వెలుగుతున్నాయనీ చెప్పారు. కొలరాడో యూనివర్సిటీలో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాండన్ ఆధ్వర్యంలో యూఎఫ్‌ఓల మీద జరిగిన అధ్యయనం దీన్ని శ్రద్ధగా పరిశీలించింది. ఉల్క అయితే కొన్ని క్షణాల్లో మాయమైపోతుంది. కక్ష్యలోంచి పడే వస్తువు దాదాపు అడ్డంగా, వాతావరణాన్ని ఒరుసుకుంటూ వస్తుంది. సెకనుకు 8 కిలోమీటర్లకు దగ్గరగా వేగం ఉన్నా చాలా ఎత్తులో, చాలా దూరంలో ఉండటం వల్ల నింపాదిగా దాటినట్టు కనిపిస్తుంది. విరిగిన ముక్కలు ఒకదాని వెనక ఒకటి వరసగా సాగుతాయి. ఆ వెలుగుల మధ్యనున్న చీకటిని మన మనసు వాహనపు రేకులతో నింపేస్తుంది.

ఇది నిజమేనా అని పిల్లలతో కలిసి చూద్దామనుకున్నాం. హాల్లో లైట్లన్నీ ఆర్పేసి, నల్ల గుడ్డ వెనక నలుగురు వాలంటీర్లు నాలుగు చిన్న టార్చీలు పట్టుకుని ఒకే వేగంతో నడిచారు. చూసిన వెంటనే ఒకరితో ఒకరు మాట్లాడకుండా బొమ్మ గీయమన్నాం. కొందరు నాలుగు చుక్కలు పెట్టారు. కొందరు చుక్కల చుట్టూ విమానం గీశారు. ఒకాయన, పెద్దవారే, రైలు పెట్టె గీశారు. రెండోసారి, ముందు ఐదు నిమిషాలు మాట్లాడుకోనిచ్చి తర్వాత గీయమంటే విమానాలు ఎక్కువయ్యాయి. రైలు పెట్టె గీసిన పెద్దాయన లేచి, "నేను చూసింది అదేనండీ, ఇప్పటికీ నాకు పెట్టెలాగే గుర్తుంది" అన్నారు. ఆ మాట అక్కడున్న అందరికీ సూటిగా తగిలింది.

జులైలో ఊళ్ల నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూర్చోబెట్టి 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలబోతోందన్న రోజుల గురించి మాట్లాడించాం. అప్పటి పత్రికలు, రేడియో వార్తలు విని మన ఊళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో వాళ్ల నోట వినాలి. ఎలాగూ పోతామని కోళ్లనూ మేకలనూ కోసుకుని తిన్నవాళ్లున్నారు. అప్పు తీర్చడం మానేసినవాళ్లున్నారు. ఒక అమ్మ, తనకు అప్పటికి కొత్తగా పెళ్లయిందనీ, పుట్టింటికి పంపమని ఏడిస్తే మామగారు ఎడ్లబండి కట్టించారనీ చెప్పింది. చివరికి అది జులై 11న హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. ఆ కబుర్లన్నీ రికార్డు చేసి దాచాం. ఇవి మన వాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు. ఇంకా ఎవరి ఇంట్లోనైనా పెద్దలుంటే దయచేసి ఆలస్యం చేయకండి.

సెప్టెంబరులో, మొదట్లో చెప్పిన ఆ ఊరికి, అంటే మానిటోవాక్‌కు వెళ్లాం. బస్సు మాట్లాడుకున్న ట్రావెల్స్ వాళ్లు ముందురోజు సాయంత్రం రాలేమని చేతులెత్తేశారు. రాత్రి పదకొండు దాకా ఫోన్లు చేసుకుని ఎవరి కార్లో ఎవరు ఎక్కాలో సర్దుకున్నాం. ఆ రాత్రి సహకరించిన ప్రతి కుటుంబానికీ కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు. ఒక్కరు కూడా మిగిలిపోలేదు.

ఆ ఊరి నార్త్ 8వ వీధిలో రోడ్డు మధ్యన ఒక ఇత్తడి వలయం పొదిగి ఉంటుంది. 1962 సెప్టెంబరు 5 తెల్లవారుజామున అక్కడ స్పుత్నిక్ 4లోని ముక్క పడింది. ఆ నౌక 1960 మే 15న ఎగిరింది. తర్వాత మొట్టమొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లిన మనిషి యూరీ గగారిన్ ఎక్కిన నౌకకు అది నమూనా. లోపల మనిషి బదులు బొమ్మను కూర్చోబెట్టారు. నాలుగు రోజుల తర్వాత కిందికి దించడానికి ఇంజన్ మండిస్తే, నౌక తప్పు దిశకు తిరిగి ఉండటం వల్ల ఇంకా పైకి వెళ్లిపోయింది. దాని ప్రధాన భాగం రెండేళ్లకు పైగా తిరిగి తిరిగి మన మిషిగన్ సరస్సు ఒడ్డున రాలింది. అది మండుతూ వెళ్లడాన్ని మిల్వాకీ మూన్‌వాచ్ బృందం చూసి నమోదు చేసింది. మన ఊరి వాళ్లే!

గస్తీలో ఉన్న ఇద్దరు పోలీసులు రోడ్డు మీద అడ్డంగా ఉన్న ఆ ముక్కను చూసి అట్టముక్క అనుకున్నారు. మళ్లీ వచ్చినప్పుడు తీయబోతే ముట్టుకోలేనంత వేడిగా ఉంది. ఏదో ఫౌండ్రీ (లోహం పోతపోసే కర్మాగారం) లారీలోంచి జారిందనుకుని కాలితో పక్కకు నెట్టి వెళ్లిపోయారు. ఉపగ్రహం రాలిందన్న వార్త తర్వాత విని, అనుమానం వచ్చి వెనక్కి వెళ్లి చూస్తే ఆ ముక్క రోడ్డు పక్కన అలాగే ఉంది. బరువు దాదాపు 9 కిలోలు. స్మిత్‌సోనియన్ వాళ్లు పరీక్షించాక దాన్ని సోవియట్ యూనియన్‌కు తిరిగి ఇచ్చేశారు. దాని నకలు పక్కనే ఉన్న రార్-వెస్ట్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. మన పిల్లలు ఆ వలయం చుట్టూ వంతులవారీగా నిలబడ్డారు. వీధిలో కార్లు వెళ్తుంటాయి కాబట్టి పెద్దవాళ్లం రెండు పక్కలా కాపలా కాశాం. ఆ చలిలో అక్కడ నిలబడి, ఆ పోలీసులు అప్పుడు వెనక్కి వెళ్లకపోయి ఉంటే అది చెత్త బండిలోకి పోయేదే కదా అని చాలాసేపు ఆలోచించాను.

తిరుగు ప్రయాణంలో ఒక పాప, ఎవరి తల మీదైనా పడితే ఎవరు బాధ్యులని అడిగింది. 1960లో అమెరికా రాకెట్ ముక్కలు క్యూబాలో పడి ఒక ఆవు చనిపోయిందనీ, 1972లో దేశాలు నష్టపరిహారం ఒప్పందం రాసుకున్నాయనీ, 1978లో కెనడా మీద కూలిన, అణు రియాక్టరుతో నడిచే ఉపగ్రహం కాస్మోస్ 954కు సోవియట్ యూనియన్ 30 లక్షల కెనడా డాలర్లు కట్టిందనీ కార్లో ఉన్న మన లాయరు గారు చెప్పారు. ఈ విషయం మీద ఆయనే ఒక సాయంత్రం మాట్లాడటానికి ఒప్పుకున్నారు.

ఇక జమాఖర్చులు. ఈ కార్యక్రమానికి విడిగా చందా వసూలు చేయలేదు. బస్సు అడ్వాన్సు ఇంకా వెనక్కి రాలేదు. కోశాధికారి గారు వెంటపడుతున్నారు. రెండు బైనాక్యులర్లు కొన్నాం, అవి తెలుగు బడి బీరువాలో ఉన్నాయి. ఎవరైనా సంతకం పెట్టి తీసుకెళ్లొచ్చు. పూర్తి లెక్కలు సర్వసభ్య సమావేశంలో మీ ముందుంటాయి.

బీరువాలోనే ఒక గీతల నోటుబుక్కు కూడా పెట్టాం. ఆకాశంలో ఏది వింతగా కనిపించినా తేదీ, సమయం, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు, ఎంతసేపు అన్నవి అందులో రాయాలి. పక్కవాళ్లను అడగకముందే, గ్రూపులో పెట్టకముందే రాయమని కోరుతున్నాం. ఇప్పటికి పదకొండు రాతలున్నాయి. తొమ్మిది ఏమిటో తెలిసింది. రెండింటికి ఎదురుగా ఏమీ రాయలేదు, ఖాళీగానే ఉంచాం.

వచ్చే ఏడాది మొదటి సమావేశం 1965 డిసెంబరు 9న పెన్సిల్వేనియాలోని కెక్స్‌బర్గ్ మీద కనిపించిన అగ్నిగోళం గురించి. ఆ రోజు సోవియట్ నౌక కాస్మోస్ 96 కూడా రాలింది. కానీ అది తెల్లవారుజామున, అగ్నిగోళం సాయంత్రం పూట. రెండు టైములూ బోర్డు మీద రాసి మొదలుపెడతాం. అందరూ పెన్సిలూ కాగితమూ తెచ్చుకోండి.

ఇట్లు
కార్యదర్శి, కార్యవర్గం తరఫున