ఈ ఆదివారం ఇది వినండి

అందరికీ నమస్కారం. మాటల్లేని సంగీతం ఏదైనా చెప్పమన్నారు కదా, నా వంతు ఇది. 1990లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా 'లా గ్లువార్ ద మోన్ పేర్'. అంటే, మా నాన్న ఘనత. రచయిత మార్సెల్ పాన్యోల్ చిన్ననాటి కథ: బడిపంతులు నాన్న, కుట్టుపని చేసిన అమ్మ అగుస్తీన్, దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ కొండల్లో వేసవి సెలవులు.

సంగీతం వ్లదిమీర్ కోస్మాది. పుట్టింది బుకారెస్ట్‌లో, పేరొచ్చింది ఫ్రాన్స్‌లో. ముందు 'వాల్స్ దొగుస్తీన్' వినండి, అమ్మ పేరు మీద కట్టిన వాల్ట్జ్ అది, అంటే జంటలు తిరుగుతూ ఆడే నాట్యానికి కట్టే బాణీ. ఒకటీ రెండూ మూడూ అని మన తిశ్రంలాగే నడుస్తుంది, తెలియకుండానే వేళ్లు తాళం వేస్తాయి. వయొలిన్లన్నీ కలిసి పైకి లేచే చోట నేను రెండుసార్లు వెనక్కి తిప్పుకుని విన్నాను. తీపి కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను.

వీలైతే సినిమా కూడా చూడండి. తండ్రి వేటలో కొట్టిన రెండు కొండకౌజు పిట్టల్ని చెరో చేత్తో పైకెత్తి పిల్లాడు బండ మీద నిలబడే సీను ఒకటుంది, అస్సలు మిస్ కావద్దు. అదే ఏడాది రెండో భాగం, 'లె షాతో ద మా మేర్' (మా అమ్మ కోట) కూడా వచ్చింది. దాని ముగింపు మాత్రం ఇక్కడ ఎవరూ చెప్పకండి, ప్లీజ్.

ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.