పక్షులు లేని నెలలో చూసి కుంభాభిషేకం బీచ్‌ని ఖాళీ జాగా అనకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

జనవరి వచ్చిందంటే నీటిపక్షుల లెక్కింపు ఉంటుంది, 1987 నుంచి జరుగుతున్న కార్యక్రమం అది, మన కోరింగ, కాకినాడ తీరంలో కూడా ఫారెస్ట్ వాళ్లు, పక్షుల మీద ఇష్టం ఉన్నవాళ్లు కలిసి లెక్కపెడతారు, పేపర్లలో మంచి ఫొటోలు కూడా వస్తాయి. చాలా సంతోషం. కానీ ఫిబ్రవరి దాటితే మళ్లీ ఆ ఊసే ఉండదు. మే నెలలో ఎవరైనా కాకినాడ ఊరికి ఆనుకుని ఉన్న కుంభాభిషేకం బీచ్ వైపు వచ్చి చూస్తే కనిపించేది ఎండకి మెరిసే బురద, నాలుగు కాకులు, ఒడ్డున ప్లాస్టిక్ చెత్త, అంతే. ఇక్కడేముందండీ ఖాళీ జాగాయే కదా అని తేలిగ్గా అనేస్తారు. నా బాధంతా ఆ మాట గురించే.

కోరింగ అభయారణ్యం 1978లో వచ్చింది, 235 చదరపు కిలోమీటర్లు, దానికి బోర్డులు ఉన్నాయి, చెక్క వంతెన ఉంది, కార్తీకమాసంలో జనం కూడా బాగానే వస్తారు. కానీ పక్షులకి మన గీతలు తెలీదు కదా. మడచెట్లలో రాత్రి కొంగలు, నల్లతల లకుముకి పిట్టలు ఉంటాయి గానీ ఉల్లంకి పిట్టలు, సముద్రకాకులు, స్కిమ్మర్లు ఇవన్నీ చెట్ల మీద వాలేవి కావు, వాటికి కావాల్సింది పాటు తీసినప్పుడు బయటపడే బురద, పోటు వచ్చినప్పుడు మునగకుండా మిగిలే ఇసుక తిన్నె. ఆ రెండూ ఊరికి ఆనుకుని, అభయారణ్యం బయటే ఉన్నాయి.

స్కిమ్మర్ గురించి చెప్పాలి ముఖ్యంగా. నలుపు తెలుపు ఒళ్లు, నారింజ రంగు ముక్కు, కింది ముక్కు పైదాని కంటే పొడుగు, నీళ్లకి ఆనుకుని ఎగురుతూ ఆ కింది ముక్కుతో నీటి మీద గీత గీసుకుంటూ పోతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. ప్రపంచం మొత్తం మీద పెద్దవి మూడు వేల లోపే ఉంటాయని అంచనా, 2020లో అంతరించిపోయే ప్రమాదం ఉన్న పక్షుల జాబితాలోకి చేర్చారు. ఎండాకాలం చంబల్, మహానది లాంటి నదుల ఇసుక మేటల మీద పిల్లల్ని పెట్టి చలికాలం మన దగ్గరికి వస్తాయి. అంత అరుదైన పక్షి గుంపులు గుంపులుగా కాకినాడ ఊళ్లో ఆటో ఎక్కి వెళ్తే కనిపిస్తుందంటే మనకి ఎంత గర్వంగా ఉండాలి!

ఇక మిగతా నెలలు. ఖాళీ అనుకునే టైంలోనే అసలు పని జరుగుతుంది ఇక్కడ. జూలై ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే గౌతమి పాయ ద్వారా ఎర్రనీళ్లు, ఒండ్రు బయటికి వస్తాయి, ఆ ఒండ్రుతోనే బురద మేట పెరుగుతుంది, అందులోనే పురుగులు, పీతలు, గుల్లలు. సెప్టెంబర్‌లో సైబీరియా, టిబెట్ వైపు నుంచి వచ్చే చిన్న పిట్టలు డైరెక్ట్‌గా ఆ భోజనం మీద వాలతాయి, కొన్నిటికి రొమ్ము మీద ఎండాకాలపు ఎరుపు ఇంకా పోయి ఉండదు. ఒకసారి వంపు ముక్కున్న పెద్ద ఉల్లంకి ఒకటి బురదలోంచి పీతని లాగి, కాళ్లన్నీ ఊడిపోయేదాకా విదిలించి, ఒట్టి డొప్పని మింగడం చూశాను, కళ్లు తిప్పుకోలేకపోయాను. మళ్లీ మార్చి ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం, దానికి ముందు ఒంట్లో కొవ్వు పట్టాలి, లేకపోతే అంత దూరం ఎగరలేవు. ఏడాది నిండని కుర్ర పిట్టలు కొన్నయితే అసలు వెళ్లవు, జూన్‌లో కూడా బూడిదరంగులో ఇక్కడే తిరుగుతుంటాయి, మనం చూడం అంతే.

పోటు టైంలో బురదంతా మునిగిపోతే పక్షులన్నీ ఒకే చిన్న తిన్నె మీద సర్దుకుని గాలికి ఎదురుగా నిలబడి రెస్ట్ తీసుకుంటాయి. సరిగ్గా అప్పుడే బైకులు ఆ ఇసుక మీదకి వస్తాయి, పెళ్లి షూటింగుల డ్రోన్లు వస్తాయి, వీధికుక్కలు పరిగెత్తుతాయి, కొందరు పక్షులు ఎగిరితే వీడియో బాగుంటుందని కావాలనే గోల చేస్తారు. ఎగిరిన ప్రతిసారీ వాటి ఒంట్లో పోగుచేసుకున్నది కరిగిపోతుంది, వాలడానికి వేరే చోటు లేదు కూడా. వేటకి పోయే మత్స్యకారుల పడవల గురించి నేను అనట్లేదు, ఆ పడవల పక్కనే పక్షులు నిమ్మళంగా మేస్తాయి, వాళ్లకి అడ్డం రాకూడదు ఏ రూలూ.

చట్టం లేక కాదండీ. తీరంలో ఏం కట్టొచ్చో ఏం కూడదో చెప్పే 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లో మడ అడవులతో పాటు జీవం ఉన్న బురద నేలలు కూడా అన్నిటికంటే కట్టుదిట్టమైన కేటగిరీలో ఉన్నాయి. అయినా దుమ్ములపేట మడల్ని ఇళ్లస్థలాల కోసం పూడ్చిన గొడవ పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, ఊళ్లో అందరికీ గుర్తే. చెట్టు కొడితే కనీసం ఎవరో ఒకరు అడుగుతారు, బురద మీద మట్టి పోస్తే ఊరు బాగుపడుతోంది అనుకుంటాం. అందుకే ఏ ప్రాజెక్టుకి సర్వే చేసినా ఒక్క నెల చూసి రిపోర్ట్ రాయకూడదు, వరద రోజుల్లో, చలికాలంలో, ఏప్రిల్‌లో, పోటుకీ పాటుకీ కూడా చూడాలి.

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తారు, బాగుంటుంది, కానీ ఇక్కడ పండగ అక్కర్లేదు, జనం పెరిగితే ఆ చిన్న తిన్నె తట్టుకోలేదు. సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆ ఇసుక చుట్టూ కొన్ని కర్రలు పాతి తాడు కట్టడం, డ్రోన్లు బైకులు వద్దని తెలుగులో పెద్ద బోర్డు, సాయంత్రాలు కాపలాకి అక్కడి మత్స్యకారుల కుర్రాళ్లలోనే ఇద్దరికి జీతం, ఇంతే అడుగుతున్నాను. ఫారెస్ట్ వాళ్లు, కార్పొరేషన్ వాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే అయిపోయే పని. జనవరి లెక్కింపు దాకా ఆగితే లాభం లేదు, మొదటి గుంపులు సెప్టెంబర్‌లోనే దిగుతాయి, ఆ లోపే బోర్డు పడాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జగన్నాథపురం, కాకినాడ