ఆ తెలుగు యాప్‌ను ఎవరైనా ఒక్కసారి చదివారా?

సంపాదకుల వారికి,

పంట వివరాల నమోదు యాప్ ఇక తెలుగులోనూ వచ్చేసిందని పది రోజుల కింద మీ జిల్లా పేజీలో వేశారు. ఫొటోలో అధికారులు ఫోను పట్టుకుని నవ్వుతున్నారు. ఆ తెరమీద ఉన్నది చదివితే ఎవరికైనా నవ్వొస్తుంది లెండి. నేను దేవరకొండలో నెట్ సెంటర్ నడుపుకునేవాణ్ని. ఆ యాప్ నింపించుకోవడానికి వచ్చే రైతులతో రోజూ కుస్తీ పట్టేది నేనే కాబట్టి రాస్తున్నాను.

మొదటి రోజు చందంపేట దిక్కు తండా నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. సర్వే నంబరు, ఖాతా నంబరు, ఎన్ని గుంటల్లో ఏం వేశాడు, బోరు ఉందా లేదా, అరగంట కూర్చుని అన్నీ నింపాం. కింద రెండు బటన్లు: ఒకటి 'సమర్పించు', రెండోది 'స్పష్టం'. "అంత స్పష్టంగనే ఉంది గద సారూ" అని ఆయన రెండోది నొక్కాడు. నింపిందంతా మాయం. అది ఇంగ్లిష్‌లో క్లియర్ బటనట. 'తుడిచేయి' అని రాయాల్సిన చోట 'స్పష్టం' అని రాసిన మహానుభావుడికి దండం. వెనక్కి పోవాలంటే 'వీపు' నొక్కాలి. ఇది నేను కల్పించింది కాదు, ఎవరైనా మా సెంటర్‌కొస్తే చూపిస్తాను.

పంటల జాబితా ఇంకా ఘోరం. బత్తాయి కోసం వెతికితే దొరకదు, 'తీపి నారింజ' ఉంటుంది. నిమ్మతోట అయితే 'ఆమ్ల సున్నం'. ఇంగ్లిష్‌లో నిమ్మను యాసిడ్ లైమ్ అంటారు, లైమ్ అంటే సున్నమనీ అర్థముంది, తర్జుమా చేసిన మిషను ఆ రెండో అర్థం పట్టుకుంది. నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్ పెట్టుకున్న జిల్లాకు సున్నం పూశారన్నమాట. ఇక పత్తి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడా ఎత్తులోనే గడి పెట్టుకున్నారు గనుక కింద వత్తు తెగిపోయి 'పతి' అని కనిపిస్తోంది. "మూడెకరాల్లో పతి" అని చదివి ఒక అక్క నవ్వలేక చచ్చింది. మిర్చి 'మిరి' అయింది.

తప్పు మిషనుదే అంటే నేనొప్పుకోను. సాఫ్ట్‌వేర్లలోని మాటలను ఔత్సాహికులు తమ భాషల్లోకి మార్చే ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైటులో ఖాళీ దొరికినప్పుడు నేనూ కొన్ని మాటలు తెలుగు చేశాను, పైసా రాదు. అక్కడ ప్రతి మాట పక్కన ఇది బటనా, శీర్షికా, ఏ పేజీలో వస్తుంది అని వివరణ ఉంటుంది. సంఖ్య వచ్చే చోట ఒకటికి ఒక రూపం, ఎక్కువకు ఇంకో రూపం రాసుకునే వీలుంటుంది. మన యాప్‌లో మాత్రం '1 ఎకరాలు'. వాక్యాన్ని ముక్కలు చేసి అతికించారు కాబట్టి 'ద్వారా ఆమోదించబడింది ఏఈవో' అని వస్తుంది (ఏఈవో అంటే వ్యవసాయ విస్తరణ అధికారి). మన భాషలో క్రియ చివర్న వస్తుందన్న సంగతి కాంట్రాక్టు తీసుకున్నవారికి తెలియకపోవచ్చు, బిల్లు మీద సంతకం పెట్టిన సార్లకైనా తెలియాలి కదా. ఊరికే చేసేవాళ్లు పాటించే పద్ధతి డబ్బు తీసుకుని చేసేవాళ్లకు ఎందుకు చేతకాదు?

అసలు మంట నాకు ఇక్కడ. పేరు గడిలో తెలుగులో 'నర్సింహ' అని కొడితే ఎర్ర రంగులో ఒక మాట వస్తుంది: 'అక్షరాలు మాత్రమే నమోదు చేయండి'. అంటే మన యాభయ్యారు అక్షరాలు అక్షరాలు కావు! ఏ నుంచి జెడ్ దాకా ఉన్నవే అక్షరాలని లోపల రాసి పెట్టి, పైన తెలుగు బోర్డు తగిలించారు. ఇంగ్లిష్‌లో కొడదామంటే నర్సింహ స్పెల్లింగు ఆధార్‌లో ఒక తీరు, పాసుబుక్కులో ఒక తీరు, బ్యాంకులో ఇంకో తీరు. ఏది కొట్టినా 'వివరాలు సరిపోలలేదు'. మనిషి ఒక్కడే, పేరూ ఒక్కటే, తెలుగులో రాస్తే తగవే లేదు. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లో రాసుకునేందుకున్న ప్రమాణం యూనికోడ్, దాని తొలి కూర్పు 1991లో వచ్చినప్పుడే తెలుగుకు అందులో చోటుంది, ఇంకా సాంకేతిక ఇబ్బంది అంటే ఎట్లా?

అధికార భాషా చట్టం 1966 నాటిది. అయినా ఆఫీసుల్లో తెలుగు అంటే గేటు మీద బోర్డు, సభలో పూలదండ. నిజాం ఏలుబడిలో, ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో, 1922లో శబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ఇదే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక తెలుగులో నడిపారు. ఆ కాలంలో అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరు ఇట్లా వత్తులు ఊడగొట్టి ఇంటికి పోయేవాడా?

ఇందుకు కమిటీలేమీ అక్కర్లేదు. ఆ మాటల జాబితా మొత్తం కాగితం మీద అచ్చుతీసి, ఒక ఏఈవోనూ నలుగురు రైతులనూ ఒక పూట కూర్చోబెడితే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. పేరు గడిని తెలుగుకు తెరవడం ఎట్లాగో ప్రోగ్రాము రాసినవారికి నేను చెప్పాల్సిన పని లేదు. అప్పటిదాకా 'స్పష్టం' ఒక్కటి తీసేసినా మాకు మేలే.

ఆ పెద్దాయన నిన్న మళ్లీ వచ్చాడు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, తెలుగు ఆయన బయట నేర్చుకున్న భాష, ఇంగ్లిష్ ముక్క రాదు. కుర్చీలో కూర్చుంటూనే, "సారూ, ఈసారి ఇంగ్లిష్‌లనే పెట్టు" అన్నాడు.

– ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా