అగ్గువ ఫ్రేమ్ వెతకాలా, కొత్తది కొనాలా

నల్లగొండ,
ఆదివారం

బిడ్డా,

నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశాను. మొదటిది రెనాల్డ్స్ 531 (ఒక రకం స్టీలు పైపు) స్టిక్కరున్న పాత ఇంగ్లీషు టూరింగ్ సైకిల్. రెండోది ఎవరో విదేశం నుంచి తెచ్చుకొని ఇప్పుడు అమ్ముకుంటున్నది. మూడోది పాత రూపంలో చేసిన కొత్త స్టీలు ఫ్రేమ్, ఫోర్కుతో (ముందు చక్రాన్ని పట్టేదానితో) సహా. సంచులు కట్టుకొని శ్రీశైలం తొవ్వలో తొక్కడానికి ఏది తీసుకోమంటావని అడిగావు. నీకైతే కొత్త ఫ్రేమే తీసుకో. సైకిల్ మొత్తం కొత్తది కానక్కరలేదు. ఫ్రేమూ చక్రాలూ కొత్తవి తీసుకొని, మిగతావాటిలో చాలా సామాను పాతది ఏరుకోవచ్చు. బేరం ఆడాల్సింది అక్కడ.

ముందు నీ కొలత తీసుకో. చెప్పులు విడిచి గోడకు ఆనుకొని నిలబడు. లావుపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య గట్టిగా ఆనేదాకా పైకి జరిపి, దాని పై అంచు నుంచి నేల దాకా టేపు పట్టు. నీ 5 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు అది 74 సెంటీమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. దాన్ని 0.883తో గుణిస్తే క్రాంకు (పెడల్ బిగించే చెయ్యి) ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు తెలుస్తుంది, 74కు 65.3 సెంటీమీటర్లు. తొక్కి చూశాక అర సెంటీమీటరు అటూ ఇటూ జరుపుకుంటావు. బూటు అడుగు 2 సెంటీమీటర్లు కలుపుకొని, సైకిల్‌కు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడితే పై పైపుకూ నీకూ మధ్య 2 సెంటీమీటర్లయినా ఖాళీ ఉండాలి. అంటే పై పైపు నేల నుంచి 74కు మించొద్దు.

మొదటి ఫోటోలోది 56 సైజు, అంటే సీటు పైపు పొడవు 56 సెంటీమీటర్లు. అటువంటి ఫ్రేమ్ పై పైపు 80 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. సీటు ఎంత దించుకున్నా ఆ పైపు దిగదు. బరువు సంచులతో ఎర్రమట్టి బండ్లబాట మీద హఠాత్తుగా దిగాల్సి వస్తే కాలు నేలకు అందక సైకిల్ నీ మీద పడుతుంది. ధర ఎంత తగ్గించినా అది నీకు పిరమే. పాతవాటిలో నీ సైజు అరుదు. అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా మగవాళ్ల పెద్ద సైజులే, అందుకే నీకు వెతుకులాట ఇతరుల కంటే ఎక్కువ కాలం పడుతుంది.

చిన్న ఫ్రేమ్‌లో పెద్ద చక్రం పెడితే ఇంకో చిక్కుంది. 700సి అనే రోడ్ సైకిళ్ల పెద్ద చక్రం ఉంటే, నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు బూటు ముందు టైరుకో మడ్గార్డుకో తగులుతుంది. నీ సైజుకు 26 అంగుళాల చక్రం కోసం చేసిన ఫ్రేమే సరైనది. దానితో ఇంకో లాభం, ఆ టైరు మౌంటెన్ బైకులకు వాడేదే కాబట్టి దేవరకొండలోనో కల్వకుర్తిలోనో దొరికే అవకాశం ఎక్కువ.

టైరు కొనేటప్పుడు మాత్రం అంకె ఎట్ల రాసి ఉందో చూడు. 26 × 1.75 అని చుక్కతో ఉంటే రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు. 26 × 1⅜ అని భిన్నంలో ఉంటే 590. రెండూ 26 అనే అంటారు, ఒకటి ఇంకొకదాని మీద కూర్చోదు. మన పాత నల్ల సైకిళ్ల 28 × 1½ టైరు 635. 700సి రిమ్ము 622. పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ సైకిళ్ల 27 అంగుళాలది 630. దుకాణంలో “28 ఇవ్వండి” అంటే 635ది చేతిలో పెడతారు, నీ చక్రం 700సి అయితే అది వదులై ఊడొస్తుంది. టైరు పక్కన 47-559 వంటి జంట అంకె ఉంటుంది. రెండో అంకె చెప్పి అడుగు.

ఇక పాత ఫ్రేమ్. సైజు కుదిరినా, తర్వాత మార్చలేని కొలతలు కొన్ని ఉంటాయి. అమ్మేవాళ్లు వాటి గురించి చెప్పరు, చాలాసార్లు వాళ్లకే తెలియదు. వెర్నియర్ క్యాలిపర్ ఒకటి పట్టుకుపో.

మొదట వెనక చక్రం ఇరుసు కూర్చునే రెండు గాడుల మధ్య వెడల్పు చూడు. 120 మిల్లీమీటర్లుంటే 5 గేర్ల కాలం, 126 అయితే 6, 7 గేర్ల కాలం. 130 రోడ్ సైకిళ్లది, 135 మౌంటెన్ బైకులదీ ఇప్పటి టూరింగ్ సైకిళ్లదీ. స్టీలు ఫ్రేమ్‌ను వంచి వెడల్పు చేయొచ్చు, అల్యూమినియాన్ని చేయకూడదు. 126ను 130 చేయడం సులువు, పక్కకు 2 మిల్లీమీటర్లే. 135 చేయాలంటే పక్కకు నాలుగున్నర. పైపుల మధ్య అడ్డంగా ఉండే చిన్న వంతెన అతుకు దగ్గర పగులు రావొచ్చు, గాడులు కూడా మళ్లీ సమాంతరంగా సరిచేయాలి. చేతినిండా పని తెలిసిన మిస్త్రీ ఉంటేనే ఒప్పుకో.

తర్వాత క్రాంకు ఇరుసు కూర్చునే గూడు లోపలి మర. ఇంగ్లీషు మర అయితే గూడు వెడల్పు 68 మిల్లీమీటర్లు, చెయిన్ వైపు కప్పుకు (ఇరుసు బేరింగును పట్టుకునేదానికి) ఎడమ మర. దానికి పార్టు ఇప్పటికీ దొరుకుతుంది. ఇటాలియన్‌ది 70 మిల్లీమీటర్లు, రెండు వైపులా కుడి మరే. పాత ఫ్రెంచి మర 35 మిల్లీమీటర్ల వ్యాసం. అది కనబడితే దండం పెట్టి వచ్చెయ్. దాని కప్పు కోసం ఏడాది తిరగాల్సి వస్తుంది.

సీటు పోస్టు (సీటు కింది కడ్డీ) వ్యాసం చూస్తే పైపు నాణ్యత కూడా తెలుస్తుంది. రెనాల్డ్స్ 531ను 1935లో బర్మింగ్‌హామ్‌లో తెచ్చారు, మాంగనీసు, మాలిబ్డినం కలిపిన స్టీలు అది. కొసల్లో మందంగా, నడుమ పలుచగా సాగదీసిన 531 పైపుకు సాధారణంగా 27.2 మిల్లీమీటర్ల పోస్టు పడుతుంది. స్టిక్కరేమో 531 అని, పోస్టేమో 26 లోపు అంటే అనుమానపడాలి. స్టిక్కర్ కొత్తది ఎవరైనా అతికించొచ్చు. అసలు స్టిక్కరే అయినా కొన్నిటిలో మూడు ప్రధాన పైపులే 531, ఫోర్కూ వెనక సన్న పైపులూ మామూలు స్టీలు. స్టిక్కర్ మీద చిన్న అక్షరాలు చదువు.

ఫ్రేమ్‌ను పరీక్షించేటప్పుడు మొదట పట్టుకోవాల్సింది సీటు పోస్టే. బోల్టు వదులు చేసి తిప్పమను. తిరగకపోతే అల్యూమినియం పోస్టు స్టీలు పైపులో పట్టుకుపోయిందన్నమాట. రెండు లోహాల మధ్య తేమ చేరితే అట్లనే అవుతుంది. “నూనె పోస్తే వస్తుంది” అంటారు. రాకపోతే రంపంతో లోపలి నుంచి కోసి తీయాలి, ఆ పనిలో ఫ్రేమే పోవచ్చు. హ్యాండిల్ కాండానికీ ఇదే పరీక్ష. పోస్టు ఊడొస్తే లోపల టార్చి వేసి చూడు, ఫ్రేమ్‌ను తలకిందులు చేసి కొట్టు. కొద్దిగా ఎర్ర పొడి రాలితే పరవాలేదు. పొరలు పొరలుగా పెచ్చులు రాలితే వదిలెయ్. నీళ్లు చివరికి చేరేది క్రాంకు ఇరుసు గూట్లోకి కాబట్టి దాని అడుగున గోటితో గీకు, పెయింటు కింద పొంగిన బుడగలు వెతుకు.

ముందు నుంచి గుద్దుకున్న ఫ్రేమ్‌ను వేళ్లతో పట్టేయొచ్చు. తల పైపు (హ్యాండిల్ కాండం దిగే పొట్టి పైపు) వెనక, కింది పైపు అడుగున వేలు జరుపుతూ పో. ముడత తగిలినా, అక్కడొకచోట పెయింటు అడ్డంగా చిట్లినా పైపు నలిగింది. దాన్ని తిరిగి సాగదీయడం కుదరదు. ఫోర్కు పక్క నుంచి చూస్తే తల పైపు గీతలోనే కిందికి వచ్చి చివర ముందుకు వంగాలి. మొదట్లోనే వెనక్కి వంగి ఉంటే ఎక్కడో గుద్దిందే.

వంకర తెలుసుకోవడానికి దారం చాలు. వెనక ఒక గాడికి కట్టి, తల పైపు చుట్టూ తిప్పి, రెండో గాడికి గట్టిగా లాగి కట్టు. సీటు పైపు దగ్గర దారానికీ పైపుకూ మధ్య ఖాళీ రెండు వైపులా కొలువు. తేడా 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే తీసుకోవచ్చు, 4, 5 ఉంటే వెనక చక్రం ముందుదాని వెంట నడవదు.

పగులు ఉన్నదాన్ని “వెల్డింగ్ చేయిస్తే సరి” అని అమ్మేవాళ్లుంటారు. మన దగ్గర గేట్లూ ట్రాలీలూ అతికే ఆర్క్ వెల్డింగు ఈ పైపులకు పనికిరాదు. నడుమ 0.6 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది, రాడ్డు తగలగానే చిల్లి పడుతుంది. గ్యాసుతో ఇత్తడి పోసి అతికేవాళ్లు ఉంటే చిన్న అతుకు వేయొచ్చు. పైపు పగిలితే మాత్రం వద్దు.

పాత సైకిల్ ధర పక్కన ఇంకో చిట్టీ రాయి: చెయిన్, వెనక పళ్ల చక్రాల సెట్టు, బ్రేకు రబ్బర్లు, వైర్లూ తొడుగులూ, రెండు టైర్లు, రెండు ట్యూబులు, బేరింగ్ గోళీలు, గ్రీజు, చక్రాల బెండు తీసే కూలి. చెయిన్‌ను స్కేలు పెట్టి కొలువు. 12 పూర్తి లింకులు 12 అంగుళాలు ఉండాలి. పదహారో వంతు అంగుళం పెరిగితే చెయిన్ మార్చు. ఎనిమిదో వంతు పెరిగితే పళ్లు కూడా అరిగాయి, రెండూ మార్చాలి. రిమ్ములో బ్రేకు రాసే చోట స్కేలు అంచు ఆనించి చూడు. గుంట పడి ఉంటే రిమ్ము మారాలి, అంటే పుల్లలతో సహా చక్రం మళ్లీ కట్టాలి. ఈ చిట్టీ కలిపాక చాలా బేరాలు బేరాలుగా మిగలవు.

కొత్త ఫ్రేమ్‌కూ ఒక దాచిన ఖర్చుంది. విదేశం నుంచి తెప్పిస్తే సుంకం వస్తువు ధర మీదనే వేయరు, రవాణా, ఇన్సూరెన్సు కలిపిన మొత్తం మీద వేస్తారు. 100 రూపాయల వస్తువుకు 30 రవాణా అయితే లెక్క 130 నుంచి మొదలవుతుంది, ఆ పైన సుంకం, దాని మీద జీఎస్టీ. ఫ్రేమ్ పెద్ద పెట్టె, రవాణా తక్కువేమీ కాదు. ఆర్డరు పెట్టే ముందు ఇల్లు చేరే ధర ఎంతో రాతపూర్వకంగా అడుగు. నీ పైసల్లో మూడో వంతు కంటే ఎక్కువ ఫ్రేముకూ ఫోర్కుకూ పోకుండా చూసుకో. మిగతాది చక్రాలూ సామానూ తినేస్తాయి.

కొత్తదాంట్లో ఏం చూడాలంటే: వెనక 135 మిల్లీమీటర్లు, గూడు 68 ఇంగ్లీషు మర, 26 అంగుళాల చక్రం మీద 2 అంగుళాల టైరూ మడ్గార్డూ పట్టే చోటు. క్రాంకు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా 44 నుంచి 46 సెంటీమీటర్లు. అంతకన్నా పొట్టి అయితే మడమ వెనక సంచికి తగులుతుంది. వెనక గాడుల దగ్గర క్యారియర్‌కొకటి మడ్గార్డుకొకటి వేర్వేరు రంధ్రాలు, ఫోర్కు నడుమ ముందు క్యారియర్ రంధ్రాలు, సీసాలకు కనీసం రెండు జతలు. బ్రేకులు బిగించడానికి ఫ్రేమ్ మీద పిడులు ఉన్నది తీసుకో, వాటికి పట్టే వి-బ్రేకు (రిమ్ముకు రెండు పక్కలా పొడుగు చేతులున్నది) రబ్బర్లు చిన్న పట్నాల్లోనూ దొరుకుతాయి. వంకర హ్యాండిల్‌కు వచ్చే మామూలు బ్రేకు లీవర్లు వి-బ్రేకుకు సరిపోవు. దానికి దాదాపు రెండింతల వైరు లాగే లీవర్ కావాలి. ఇది తెలియక కట్టినవాళ్లకు లీవర్ హ్యాండిల్‌కు ఆనినా చక్రం ఆగదు.

అతుకుల దగ్గర చెక్కినట్టుండే లగ్గులు (పైపులను కలిపే తొడుగులు) చూడముచ్చటగా ఉంటాయి, నీ మనసు అక్కడే ఆగిందని తెలుసు. బలం విషయంలో మంచి టిగ్ వెల్డింగు (పలుచని పైపులకు వాడే సన్నని వెల్డింగు) దానికి తీసిపోదు. నేలకు సమాంతరంగా ఉండే పై పైపు కోసం కూడా పట్టుబట్టకు. నీ సైజులో అది కొద్దిగా వాలి ఉంటేనే హ్యాండిల్ సరైన ఎత్తుకు వస్తుంది.

గేర్లు శ్రీశైలం తొవ్వను బట్టి ఎంచుకో. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, అక్కడి నుంచి దోమలపెంట దాకా అడవి. వెలుతురు లెక్క పెట్టుకొని నడవాల్సిన దారి. దోమలపెంట దాటాక డ్యామ్ దాకా దిగుడు, వంతెన దాటగానే మళ్లీ ఎక్కుడు. పాత సైకిళ్లకు ముందు 52, 42 పళ్లు, వెనక పెద్దది 28 ఉంటుంది. తేలిక గేరు 42ను 28తో భాగించి చక్రం సైజు 27తో గుణిస్తే 40.5 అంగుళాలు. ఈ అంకె ఎంత తక్కువైతే ఎక్కుడు అంత తేలిక. 15 కిలోల సంచులతో ఆ గేరు మోకాళ్లను తినేస్తుంది. నీకు ముందు 24, వెనక 34 పెడితే 26 చక్రంతో 18.4 వస్తుంది. కూర్చొనే ఎక్కుతావు.

పాతవి ధైర్యంగా కొనగలిగేవి: క్రాంకులు (పెడల్ మర చెడనివి), గేరు మార్చే యంత్రం, గేరు మీటలు, వి-బ్రేకుకు సరిపోయే బ్రేకు లీవర్లు, సీటు, స్టీలు క్యారియర్. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ జుమ్మేరాత్ బజార్‌లోనూ ఓపికగా తిరుగు, తర్వాత కోఠి ఈసామియా బజార్‌లో కొత్తదాని ధర కనుక్కొని పోల్చుకో. హ్యాండిలూ దాని కాండమూ మాత్రం పాతవి వద్దు. అల్యూమినియం లోలోపల అలసిపోయి, ముందుగా చెప్పకుండా విరుగుతుంది. చక్రాలకు 36 పుల్లలు ఉండాలి. వెనకది ఫ్రీవీల్ హబ్బు (పళ్ల సెట్టు మొత్తం మరతో బిగించేది) కాకుండా క్యాసెట్ హబ్బు (పళ్ల సెట్టు గాడుల్లోకి జారించేది) తీసుకో. ఫ్రీవీల్‌లో చెయిన్ వైపు బేరింగు లోపలికి ఉండటంతో ఇరుసు ఆధారం లేక బరువుకు వంగుతుంది, చివరికి విరుగుతుంది.

ఫ్రేమ్ చేతికి రాగానే బిగించకు. ముందు గూడు మరలో పెయింటు ఉంటే మర కోసే పనిముట్టుతో శుభ్రం చేయించు. కప్పులు పెయింటు మీద బిగిస్తే వంకరగా కూర్చొని నెల తిరగకముందే ఇరుసు గరగర అంటుంది. పైపుల లోపల ఉడికించిన అవిసె నూనె పోసి, అన్ని వైపులా తిప్పి, మిగిలింది వంచేసి రెండు రోజులు ఆరబెట్టు. సీటు పోస్టుకు, ప్రతి బోల్టు మరకు గ్రీజు రాయి. గూడు అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉందో చూసుకో, లేకపోతే 4 మిల్లీమీటర్లది వేయించు.

రెండో ఫోటోలోదాని సైజు అమ్మేవాళ్లు రాయలేదు. సీటు పైపు పొడవు, వెనక గాడుల వెడల్పు, పై పైపు నేల నుంచి ఎంత ఎత్తు, సీటు పోస్టు తిరుగుతుందా, ఈ నాలుగూ అడిగి పంపు. పై పైపు 74 లోపు ఉండి పోస్టు తిరిగితే, కొత్తదానికి ఆర్డరు పెట్టే ముందు దాన్ని ఒకసారి చూసి రా. దారం, టేపు, టార్చి మరిచిపోకు.

మీ నాయిన